సీసం చేతిలో ఓడిన కంపెనీ
పొగగొట్టం చరిత్ర – ఆరో భాగం

గత భాగంలో పెట్రోలులోకి సీసం ఎలా వచ్చిందో చెప్పుకున్నాం. 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్జ్‌లీ ఇంజన్ టకటక కొట్టుకోవడాన్ని ఆపే సీసపు మందు కనిపెట్టాడు. 1923లో ఆ మందు కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. 1924లో దాని కోసమే ఇథైల్ కార్పొరేషన్ పుట్టింది. అదే ఏడాది న్యూజెర్సీలోని బేవేలో దాన్ని తయారు చేస్తున్న కార్మికులు మతి చెడి, విలవిల్లాడి చనిపోయారు. అయినా సీసం ఆగలేదు. ఆ సీసమే ముప్పై ఏళ్ల తర్వాత ఇంకో కంపెనీని ఎలా దెబ్బతీసిందో ఈ భాగంలో చూద్దాం. ఆ కంపెనీ పేరు ఆక్సీ-కెటలిస్ట్. పెట్టినవాడు యూజీన్ హూడ్రీ.

అమెరికాలో పుట్టి అక్కడే పోయిన కంపెనీ కథ మనకెందుకు అనిపించవచ్చు. హైదరాబాద్‌లో పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట వైపు వెళ్లే దారిలో ఏదో ఒక బంకు పక్కన ఆగిన పొల్యూషన్ వ్యాన్‌ను గమనించండి. కుర్రాడు కారు సైలెన్సర్‌లోకి ఒక సన్నటి గొట్టం దూర్చుతాడు. నంబరు ప్లేటు ఫొటో తీస్తాడు. కాసేపటికి చీటీ బయటికొస్తుంది. అందులో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి కార్బన్ మోనాక్సైడ్ శాతం, రెండోది కాలని హైడ్రోకార్బన్లు. భారత్ స్టేజ్ (బీఎస్) పొగ ప్రమాణాల్లో బీఎస్-2కు ముందు తయారైన పెట్రోలు కారుకు మోనాక్సైడ్ 3 శాతం దాకా ఉన్నా పాసే. బీఎస్-4 కారుకు 0.3 శాతం దాటితే ఫెయిల్. హైడ్రోకార్బన్ల పరిమితి 1500 నుంచి 200 పీపీఎంకు దిగింది. ఈ తేడాలో ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్షన్ పద్ధతికి వాటా ఉంది. పెద్ద వాటా మాత్రం ఇంజన్‌కూ సైలెన్సర్‌కూ మధ్య బిగించిన ఉక్కు డబ్బాది. అదే కెటలిటిక్ కన్వర్టర్. కార్ల కోసం దాన్ని తయారు చేసి, దానిమీద కంపెనీ పెట్టి బతకాలని చూసినవాళ్లలో మొదట చెప్పుకోవలసిన మనిషి హూడ్రీ.

ఉక్కు వ్యాపారి కొడుకు

హూడ్రీ 1892 ఏప్రిల్ 18న పారిస్ దగ్గరి దొమాన్‌లో పుట్టాడు. తండ్రిది ఇళ్లకు, కట్టడాలకు ఉక్కు దూలాలు చేసే వ్యాపారం. కొడుకు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 1911లో తరగతిలో మొదటివాడిగా పట్టా పుచ్చుకున్నాడు. చేతికి అందిన వ్యాపారం చూసుకుంటే జీవితం హాయిగా గడిచిపోయేది.

మొదటి ప్రపంచ యుద్ధం అతణ్ణి ట్యాంకుల దళంలోకి తీసుకెళ్లింది. 1917లో జువాన్‌కూర్ దగ్గర జరిగిన పోరులో గాయపడ్డాడు, శౌర్య పతకం అందుకున్నాడు. తిరిగొచ్చాక ఉక్కు మీద మనసు నిలవలేదు. రేసు కార్ల పిచ్చి పట్టింది. 1922లో అమెరికా వెళ్లి ఇండియానాపొలిస్ పందెం చూశాడు, ఫోర్డ్ ఫ్యాక్టరీ చూశాడు. అక్కడ అతనికి అర్థమైంది ఒకటే. కార్లు లక్షల్లో వస్తున్నాయి, వాటికి సరిపడా మంచి పెట్రోలు లేదు. ఇంజన్లు ఎంత బాగుపడినా ఇంధనం వాటిని వెనక్కి లాగుతోంది.

ఫ్రాన్స్‌కు సొంత చమురు లేదు. నీస్ నగరంలో ప్రుధోమ్ అనే ఫార్మసిస్టు నాసిరకం లిగ్నైట్ బొగ్గు నుంచి పెట్రోలు తీస్తున్నాడని తెలిసి హూడ్రీ అతనితో చేతులు కలిపాడు. 1929లో రోజుకు 60 టన్నుల లిగ్నైట్‌ను పెట్రోలుగా మార్చే ప్లాంటు కట్టి చూపించాడు. సాంకేతికంగా అది పనిచేసింది, లెక్కలు మాత్రం కుదరలేదు. ప్రభుత్వం చేయి వెనక్కి తీసుకుంది. సొంత డబ్బు చాలా పోయింది.

పెట్రోలు ఇచ్చిన మట్టి

లిగ్నైట్‌తో పాటు హూడ్రీ ఇంకో పని చేస్తూ వచ్చాడు. ముడిచమురులో పెట్రోలు భాగం తీసేశాక మిగిలే బరువైన, చిక్కటి నూనెను ఏదైనా ఉత్ప్రేరకం మీదుగా పంపి పెట్రోలుగా విరగ్గొట్టవచ్చా అని. వందల రకాల పదార్థాలు ప్రయత్నించాడు. 1927లో దొరికిన సమాధానం ఒక రకం బంకమన్ను. సిలికా, అల్యూమినా కలిసిన మట్టిని శుద్ధి చేసి వేడి నూనె ఆవిరిని దాని మీదుగా పంపితే, మిడ్జ్‌లీ సీసంతో సాధించిన ఆక్టేన్‌లో, అంటే ఇంజన్ కొట్టుకోకుండా ఆపే గుణంలో, చాలా మటుకు సీసం లేకుండానే వచ్చింది. ఆ పెట్రోలును తన బుగాట్టీ రేసు కారులో పోసి నడిపి చూసుకున్నాడు.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది, దాన్ని గుర్తు పెట్టుకోవాలి. నూనె విరిగేటప్పుడు మట్టి గుళికల మీద మసి పేరుకుంటుంది. పది నిమిషాల్లో మట్టి నల్లబడి పని మానేస్తుంది. హూడ్రీకి ముందు ఈ దారిలో వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోయారు. అతను మాత్రం మసిని గాలి పంపి కాల్చేశాడు, మట్టి మళ్లీ తెల్లబడి పనికొచ్చింది. మూడు గదులు పెట్టి, ఒకదానిలో నూనె విరుగుతుంటే ఇంకోదానిలో మసి కాలేలా, మూడోదానిలో ఆవిర్లు ఊడ్చి సిద్ధం చేసేలా వంతులు వేశాడు. మసి కాలినప్పుడు పుట్టే వేడినే నూనె విరగడానికి వాడుకున్నాడు.

ఫ్రాన్స్‌లో పెట్టుబడి దొరకలేదు. 1930లో అమెరికాలోని వాక్యూమ్ ఆయిల్ కంపెనీ పిలిచింది. 1931లో హూడ్రీ ప్రాసెస్ కార్పొరేషన్ ఏర్పడింది. ఆర్థిక మాంద్యం రోజులు కావడంతో వాక్యూమ్ ఒక్కటే మోయలేకపోయింది. 1933లో సన్ ఆయిల్ వాటా తీసుకుంది. 1937లో పెన్సిల్వేనియాలోని మార్కస్ హుక్‌లో సన్ ఆయిల్ పూర్తి స్థాయి ప్లాంటు నడిపించింది. పోసిన బరువైన నూనెలో దాదాపు సగం నాణ్యమైన పెట్రోలుగా మారింది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా దిగాక, తొలి రెండేళ్లలో ఉత్ప్రేరక పద్ధతిలో తయారైన విమాన పెట్రోలులో 90 శాతం హూడ్రీ యూనిట్ల నుంచే వచ్చింది. మిత్రరాజ్యాల యుద్ధ విమానాలకు కావలసిన 100 ఆక్టేన్ ఇంధనానికి అదే ముడిసరుకు. ఆ ఇంధనంలోనూ సీసం కలిపేవాళ్లు. మంచి పెట్రోలు వచ్చింది కదా అని సీసాన్ని ఎవరూ మానలేదు. మంచి పెట్రోలుకు సీసం కూడా చేర్చితే ఇంకా బలమైన ఇంజన్లు చేయవచ్చని లెక్క వేసుకున్నారు.

హూడ్రీ ఆ యుద్ధంలో ఇంకో రకంగానూ నిలబడ్డాడు. జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వాన్ని బాహాటంగా ఎదిరించి, డిగాల్ పక్షాన అమెరికాలో ‘ఫ్రాన్స్ ఫరెవర్’ సంస్థను నడిపాడు. విషీ ప్రభుత్వం 1941లో అతని పౌరసత్వం రద్దు చేసింది. 1942లో అతను అమెరికా పౌరుడయ్యాడు.

యాభై ఎనిమిదేళ్ల వయసులో రెండో కంపెనీ

1950 నాటికి హూడ్రీకి పేరుంది, డబ్బుంది, పేటెంట్ల కట్ట ఉంది. ఆ వయసులో అతను మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాడు. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరుగుతోంది. దానికి కార్ల పొగ, ఫ్యాక్టరీల పొగ కారణమై ఉంటాయని అతను గట్టిగా నమ్మాడు. సిగరెట్ల పాత్ర ఎంతో ఆ దశాబ్దంలోనే వైద్యులు తేల్చారు కనుక అతని అంచనా సగమే నిజం. అయినా పొగలో విషం ఉందన్న మాట అక్షరాలా నిజం. కార్లను పరుగెత్తించే పెట్రోలును తయారు చేసిన మనిషి, ఆ కార్ల వెనుక నుంచి వచ్చేదానికి తనకూ బాధ్యత ఉందనుకుని పెన్సిల్వేనియాలో ఆక్సీ-కెటలిస్ట్ కంపెనీ పెట్టాడు. పారిశ్రామిక చరిత్రలో ఇలాంటి నిర్ణయాలు అరుదు. అందుకే ఆ మనిషి మీద నాకు గౌరవం.

ఆ పరికరం లోపల పింగాణీ కడ్డీలు వరసగా పేర్చి ఉండేవి. వాటి మీద అల్యూమినా పూత, ఆ పూతలో అతి కొద్దిగా ప్లాటినం. పంజాగుట్ట, సోమాజిగూడ నగల దుకాణాల్లో అద్దాల వెనుక మెరిసే లోహమే ఇది. పొగ ఆ కడ్డీల మధ్య నుంచి వెళ్తుంటే కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు ఆవిర్లు ప్లాటినం మీద ఆగి, ఆక్సిజన్‌తో కలిసి, బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారి వెళ్లిపోతాయి. మామూలుగా మంట పెడితే గాని కాలని వాయువులు ప్లాటినం మీద అంతకంటే చాలా తక్కువ వేడికే కాలిపోతాయి. పని అయ్యాక ప్లాటినం అక్కడే ఉంటుంది, ఖర్చు కాదు. దీనికి 1956 ఏప్రిల్‌లో అమెరికా పేటెంటు వచ్చింది.

మొదట అమ్మింది ఫ్యాక్టరీ పొగగొట్టాలకు. తర్వాత గోదాముల్లో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లకు. ఈ రెండు చోట్లా గిరాకీ వచ్చింది. కారణం తేలిక. గోదాములో బండి వదిలే పొగ ఆ గోడల మధ్యే తిరుగుతుంది, అక్కడి కూలీలే పీలుస్తారు. కూలీలు కళ్లు తిరిగి పడిపోతే పని ఆగుతుంది. కాబట్టి యజమాని డబ్బు పెట్టి కొంటాడు. పైగా ఆ బండ్లను సీసం లేని పెట్రోలుతోనో గ్యాసుతోనో నడపవచ్చు.

రోడ్డు మీద కారు సంగతి వేరు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగిన కారు పొగ ఆ కారులో కూర్చున్నవాళ్లకు తగలదు. వెనుక స్కూటర్ మీద ఉన్న తండ్రీకూతుళ్లకు తగులుతుంది, నిమ్స్‌కు రోగిని తీసుకొచ్చి బస్టాపులో నిలబడ్డ మనిషికి తగులుతుంది, కూడలిలో ఎనిమిది గంటలు నిలబడే కానిస్టేబుల్‌కు తగులుతుంది. పరికరం కొనాల్సింది ఒకరు, లాభపడేది మరొకరు. ఇలాంటి సరుకును ఎంత గొప్ప వ్యాపారి అయినా దుకాణంలో పెట్టి అమ్మలేడు.

కాలని మసి

గిరాకీ లేకపోవడం ఒక కష్టం. దానికంటే పెద్దది సీసం. పెట్రోలులో కలిపిన సీసం ఇంజన్‌లో కాలిపోదు. ఆక్సైడ్లుగా, బ్రోమైడ్, క్లోరైడ్ లవణాలుగా మారి పొగతో పాటు వస్తుంది. ప్లాటినం కణాల మీద పలచగా పరుచుకుంటుంది. ఆ పొర ఏర్పడ్డాక వాయువులు ప్లాటినాన్ని తాకలేవు. డబ్బా కారు కింద వేలాడుతూనే ఉంటుంది, చూపులకు ఏ తేడా తెలియదు, లోపల పని ఆగిపోతుంది.

హూడ్రీ జీవితంలో ఇది చాలా కఠినమైన మలుపు. నూనె ప్లాంటులో మసి పేరుకున్నప్పుడు దాన్ని గాలితో కాల్చి మట్టిని బతికించి అతను ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. మసి కార్బన్ కాబట్టి కాలింది. సీసం లోహం. ఎంత గాలి పంపినా పోదు. మొదటి కంపెనీని నిలబెట్టిన ఉపాయం రెండో కంపెనీని కాపాడలేకపోయింది. కార్ల విషయంలో అతని ముందు రెండే దారులు. సీసాన్ని తట్టుకునే ఉత్ప్రేరకం కనిపెట్టాలి, లేదా పెట్రోలు నుంచి సీసం తీయించాలి. మొదటిది దీర్ఘకాలం నిలిచేలా ఎవరికీ సాధ్యం కాలేదు. రెండోది ఏ ఇంజనీరు చేతిలోనూ లేదు. ఇథైల్ అమ్మేవాళ్లు, నూనె కంపెనీలు, కార్ల కంపెనీలు అందరూ అటువైపే ఉన్నారు.

ఈలోగా పొగ గురించిన జ్ఞానం పెరిగింది. కాలిఫోర్నియా టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో అరీ హాగెన్-స్మిట్ 1950ల మొదట్లోనే లాస్ ఏంజెలిస్ ఆకాశాన్ని కమ్మే, కళ్లు మండించే గోధుమరంగు పొగ ఎలా పుడుతుందో చూపించాడు. కార్ల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్ తయారవుతోందని నిరూపించాడు. హూడ్రీకి 1959లో పారిశ్రామిక రసాయన రంగంలో పెద్ద గౌరవమైన పెర్కిన్ పతకం ఇచ్చారు. 1962 జులై 18న అతను కన్నుమూశాడు. అప్పటికి రోడ్ల మీది మామూలు కార్లకు అతని కన్వర్టర్ చేరలేదు.

1964: మార్కెట్ ఆవిరైన ఏడాది

హూడ్రీ పోయాక రెండేళ్లకు జరిగిన సంగతి ఈ వ్యాపారం ఎంత దుర్బలమో చెబుతుంది. కాలిఫోర్నియా 1960లో ఒక చట్టం చేసింది. ప్రభుత్వ బోర్డు కనీసం రెండు పరికరాలను పరీక్షించి ఆమోదిస్తే, ఆ తర్వాత వచ్చే కొత్త కార్లకు పొగ నియంత్రణ తప్పనిసరి. కార్ల కంపెనీలతో సంబంధం లేని రసాయన, విడిభాగాల కంపెనీలు జంటలు కట్టి సొంత డబ్బుతో పరిశోధన చేశాయి. 1964 జూన్‌లో బోర్డు నాలుగు పరికరాలను ఆమోదించింది. వాటిలో మూడు ఉత్ప్రేరకంతో పనిచేసేవి.

చట్టం గేటు తెరుచుకుంది. అంతలో కార్ల కంపెనీలు ముందుకొచ్చి, 1966 మోడళ్లకు ఇంజన్‌లోనే మార్పులు చేసి పరిమితిని అందుకుంటామని ప్రకటించాయి. అంతకుముందు అంత త్వరగా కుదరదన్నది వాళ్లే. బయటి పరికరాలు కొనే అవసరం పోయింది. ఏళ్ల తరబడి ఖర్చు పెట్టిన కంపెనీలు ఒక్క కారుకు బిగించకుండానే వెనుదిరిగాయి. 1969 జనవరిలో అమెరికా న్యాయశాఖ పెద్ద కార్ల కంపెనీల మీద కేసు పెట్టింది. 1953 నుంచి పొగ నియంత్రణ పరికరాల అభివృద్ధిని కూడబలుక్కుని ఆలస్యం చేశారన్నది అభియోగం. విచారణ దాకా వెళ్లకుండానే అదే ఏడాది రాజీ ఒప్పందంతో ముగిసింది.

ఒకే ఏడాదిలో తారుమారు

చివరికి తలుపు తెరిచింది 1970వ సంవత్సరం. ఆ ఏడాది మొదట్లో జనరల్ మోటార్స్ అధ్యక్షుడు ఎడ్ కోల్, పెట్రోలు నుంచి సీసం తీసేయాలని కోరాడు. సీసాన్ని పెట్రోలులోకి తెచ్చిన కంపెనీయే ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. ఆ ఏడాది చివరి రోజున అధ్యక్షుడు నిక్సన్ స్వచ్ఛ గాలి చట్టం మీద సంతకం పెట్టాడు. 1975 మోడల్ కార్ల నుంచి మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు 90 శాతం తగ్గాలన్నది నిబంధన. 1974 నుంచి బంకుల్లో సీసం లేని పెట్రోలు ఉంచడం తప్పనిసరి అయింది.

అక్కడి నుంచి పని వేగంగా సాగింది. కార్నింగ్ గాజు కంపెనీలో రాడ్నీ బాగ్లీ, ఇర్విన్ లాక్‌మన్, రొనాల్డ్ లూయిస్ కలిసి కార్డియరైట్ అనే పింగాణీ పదార్థాన్ని తేనెపట్టు ఆకారంలో రూపొందించారు. చదరపు అంగుళంలో వందల సన్నటి గదులు, ఎర్రగా కాలి వెంటనే చల్లబడినా పగలని గోడలు. హూడ్రీ పింగాణీ కడ్డీల స్థానంలో ఈ తేనెపట్టు వచ్చింది. ఎంగెల్‌హార్డ్ కంపెనీలో జాన్ మూనీ, కార్ల్ కీత్ మూడు విషాలనూ ఒకే డబ్బాలో అణిచే ‘త్రీ-వే’ కన్వర్టర్ తయారు చేశారు. ప్లాటినం, పల్లాడియం మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను కాలుస్తాయి. రోడియం నైట్రోజన్ ఆక్సైడ్లను విడదీసి మామూలు నైట్రోజన్‌గా వదిలేస్తుంది. బ్రిటన్‌లో జాన్సన్ మాథే 1974లో రాయ్‌స్టన్ ఫ్యాక్టరీ తెరిచింది. భారతదేశంలో పుట్టి ఫోర్డ్‌లో పరిశోధకుడైన హరేన్ గాంధీ ఈ ఉత్ప్రేరకాల మీద చేసిన కృషికి అమెరికా జాతీయ సాంకేతిక పతకం అందుకున్నాడు.

ఒక్కసారి తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. హూడ్రీ 1956 పేటెంటుకు అప్పటి అమెరికా చట్టం ఇచ్చిన గడువు 17 ఏళ్లు. అది 1973లో తీరింది. కన్వర్టర్లు బిగించిన 1975 మోడల్ కార్లు షోరూముల్లోకి వచ్చింది 1974 చివర్లో. తర్వాత వేల కోట్ల డాలర్ల పరిశ్రమగా పెరిగిన ఈ రంగంలో మొదటి పునాది వేసినవాడి పేటెంటు, మొదటి గిరాకీ వచ్చేనాటికి చెల్లకుండా పోయింది.

విశాఖ నుంచి పంజాగుట్ట దాకా

మన దగ్గరికి ఈ కథ రెండు గొట్టాల్లో వచ్చింది. మొదటిది ఇంధనం గొట్టం. 1957లో విశాఖపట్నంలో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది. 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. బరువైన నూనెను ఉత్ప్రేరకం మీద విరగ్గొట్టే యూనిట్లు అక్కడ ఉన్నాయి. మట్టి గుళికలకు బదులు పిండిలాంటి ఉత్ప్రేరకం ఆవిరిలో, గాలిలో తేలుతూ ప్రవహిస్తుంది. అయినా విరగ్గొట్టడం, మసి కాల్చడం, మళ్లీ వాడటం అన్న మూలసూత్రం హూడ్రీదే. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్‌కు పైపులైను ఉంది. పంజాగుట్టలో నడిచే బండ్ల ట్యాంకుల్లోకి చేరే పెట్రోలులో కొంత ఆ దారి పట్టే వస్తుంది.

రెండోది పొగగొట్టం. మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. 1998లో ఆ నిబంధన 45 నగరాలకు విస్తరించింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. హైదరాబాద్‌కు బీఎస్-2 ప్రమాణాలు 2003లో, బీఎస్-3 2005లో, బీఎస్-4 2010లో, బీఎస్-6 2020 ఏప్రిల్‌లో వచ్చాయి. పంజాగుట్ట కూడలిలో కాలుష్య నియంత్రణ మండలి గాలిని కొలుస్తూ వచ్చింది. బండ్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగినా ఒక్కో పెట్రోలు కారు వదిలే విషం ఇంతలా తగ్గిందంటే దాని వెనుక ఈ డెబ్బై ఏళ్ల పోరాటం ఉంది. రోడ్డు దుమ్ము, టైర్ల అరుగుదల, పాత డీజిల్ బండ్ల మసి ఈ డబ్బా పరిధిలోకి రావు. వాటి పోరాటం ఇంకా మన ముందే ఉంది.

హూడ్రీ కంపెనీ చరిత్ర నుంచి నేను గ్రహించింది ఇది. గాలిని శుభ్రం చేసే యంత్రం కనిపెట్టడం కష్టమే, కానీ అది మొదటి సగం. ఆ యంత్రం పనిచేసే ఇంధనం ఉండాలి, దాన్ని బిగించమని చెప్పే చట్టం ఉండాలి, ఆ చట్టాన్ని పాటించే జనం ఉండాలి. 1950లో మొదటిది ఉంది, మిగిలినవి లేవు. ఇవాళ మనకు మొదటి మూడూ ఉన్నాయి. నాలుగోది మన చేతిలో ఉంది. లోపలి ప్లాటినం కోసం కన్వర్టర్‌ను కోసి అమ్ముకునే దొంగలు ఒకవైపు, శబ్దం గట్టిగా రావాలని దాన్ని తీయించి ఉత్త గొట్టం బిగించుకునే కుర్రాళ్లు ఇంకోవైపు. గొట్టం దూర్చకుండానే చీటీ ఇచ్చే పొల్యూషన్ వ్యాన్ దగ్గర డబ్బు కట్టి వచ్చేవాళ్లూ ఉన్నారు. సీసం చేసిన పనినే వీళ్లు మరో రకంగా చేస్తున్నారు. డబ్బా ఉండి కూడా లేనట్టే. ఆ విషం వెళ్లేది ఎవరో తెలియని శత్రువు ఊపిరిలోకి కాదు, సిగ్నల్ దగ్గర వెనుక ఆగిన మన ఊరివాళ్ల ఊపిరిలోకి. అందుకే బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు కన్వర్టర్ ఎలా ఉందో మెకానిక్‌ను అడగండి. పొల్యూషన్ చీటీ మీది అంకెలు చదవండి.

(వచ్చే భాగంలో: 1985లో ఎం.సి. మెహతా సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం, సీసం లేని పెట్రోలు మన బంకుల్లోకి వచ్చిన దారి)